ఎదుటి ఆటగాడు ఆల్-ఇన్ అన్నాడు: కాల్ చేయాలా, ముక్కలు పడేయాలా?

హోల్డెమ్ పోకర్ టోర్నమెంట్‌లో ఎవరైనా ఆల్-ఇన్ అని చిప్స్ అన్నీ ముందుకు తోయగానే చాలామంది "నా ముక్కలు వాడి ముక్కల కంటే మంచివేనా?" అని ఆలోచిస్తారు. అక్కడ మొదలుపెడితే జవాబు భయాన్ని బట్టో ఆశను బట్టో వస్తుంది. అడగాల్సినవి మూడున్నాయి. ఈ కాల్ (అంతే చిప్స్ వేసి పోటీకి నిలబడటం) గిట్టుబాటు కావాలంటే నూటికి ఎన్నిసార్లు గెలవాలి? ఎదుటివాడు ఏయే ముక్కలతో ఇలా తోస్తాడు, వాటి మీద నేను నూటికి ఎన్నిసార్లు గెలుస్తాను? ఓడితే నాకు పోయేది ఎంత? వీటిని ఈ వరుసలోనే చూడాలి. ధర తేలకుండా పదుల జత మంచిదా కాదా అని తర్జనభర్జన పడి లాభం లేదు. అదే జత ఒకచోట క్షణం ఆలోచించకుండా కాల్ చేయాల్సింది, ఇంకోచోట పడేయాల్సింది.

ఇంకో సంగతి మొదటే మనసులో ఉండాలి. తోసినవాడికి గెలుపు రెండు దారుల్లో వస్తుంది: అందరూ పడేసినా పాట్ (మధ్యలో పోగైన చిప్స్) వాడిదే, ఎవరైనా కాల్ చేసినా ముక్కలు కలిసిరావచ్చు. కాల్ చేసేవారికి రెండో దారి ఒక్కటే ఉంది. అందుకే తోయడానికి సరిపోయిన హ్యాండ్ (చేతిలోని రెండు ముక్కలు) అదే స్టాక్‌తో (దగ్గరున్న చిప్స్‌తో) కాల్ చేయడానికి తరచుగా సరిపోదు.

మొదట ధర

మీరు వేయాల్సిన మొత్తాన్ని, మీరు వేశాక తయారయ్యే మొత్తం పాట్‌తో భాగించండి. వచ్చిన శాతమే కనీస అవసరం.

బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే చిప్స్: చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్) 500/1,000, బిగ్ బ్లైండ్ యాంటీ (బిగ్ బ్లైండ్ ఆటగాడు అదనంగా వేసేది) 1,000 అనుకుందాం. బటన్ (డీలర్ స్థానం) మీదున్న ఆటగాడు 10,000తో ఆల్-ఇన్ అన్నాడు, స్మాల్ బ్లైండ్ పడేశాడు, మీరు బిగ్ బ్లైండ్. పాట్‌లో ఉన్నది 10,000 + 500 + 1,000 + 1,000 = 12,500. మీరు ఇంకా వేయాల్సింది 9,000. కాల్ చేస్తే పాట్ 21,500 అవుతుంది. 9,000ని 21,500తో భాగిస్తే 41.9 శాతం. అంటే నూటికి 42 సార్లు గెలిస్తే చిప్స్ లెక్కలో నష్టం లేదు. సగం సార్లు గెలవాలన్న నియమం ఎక్కడా లేదు.

ఇదే బ్లైండ్ నిర్మాణంలో, స్మాల్ బ్లైండ్ పడేశాక బిగ్ బ్లైండ్ నుంచి కాల్ చేసేటప్పుడు కంఠతా ఉండాల్సిన అంకెలు ఇవి:

- 5 బిగ్ బ్లైండ్ల ఆల్-ఇన్: 35 శాతం
- 10 బిగ్ బ్లైండ్లు: 42 శాతం
- 15 బిగ్ బ్లైండ్లు: 44 శాతం
- 20 బిగ్ బ్లైండ్లు: 46 శాతం

ఫ్లాప్ (బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత అయితే ఇంకా తేలిక. పాట్‌లో సగం పందెం వస్తే 25, పాట్ అంత వస్తే 33, పాట్‌కు రెండింతలు వస్తే 40.

ఈ దశలో తప్పులు సాధారణంగా మూడుచోట్ల జరుగుతాయి. ఒకటి, యాంటీని మరిచిపోవడం. పై ఉదాహరణలో యాంటీ వదిలేస్తే 43.9 వస్తుంది, అంచున ఉన్న హ్యాండ్‌ను తారుమారు చేయడానికి ఆ రెండు పాయింట్లు చాలు. రెండు, "ఇప్పటికే 1,000 బ్లైండ్ పెట్టాను కదా" అని దాన్ని తన డబ్బుగా లెక్కేయడం. అది పాట్‌లోకి వెళ్లిపోయింది, అది ఇప్పుడు ఎవరిదీ కాదు. మూడు, ఎదుటివాడి స్టాక్ చూసి బెదరడం. వాడు 60,000 తోసినా మీ దగ్గర మిగిలింది 12,000 అయితే మీరు కట్టాల్సిన ధర 12,000 మీదే, మిగతా చిప్స్ వాడికి వెనక్కి వెళ్తాయి.

ఎదుటివాడి రేంజ్

ఎదుటివాడి చేతిలో ఫలానా రెండు ముక్కలున్నాయని ఊహించకండి. వాడు ఈ స్థానంలో, ఈ స్టాక్‌తో తోసే హ్యాండ్లన్నింటినీ గుంపుగా చూడాలి. ఆ గుంపే రేంజ్. దాన్ని కాంబోలలో లెక్కపెడతాం. పేకలో రెండేసి ముక్కల కలయికలు మొత్తం 1,326. ఏ జతకైనా 6 కాంబోలు. ఆసు-రాజు లాంటి జత కాని హ్యాండ్‌కు 16, అందులో ఒకే గుర్తువి 4, వేర్వేరు గుర్తులవి 12. మీ చేతిలో ఒక ఆసు ఉంటే ఎదుటివాడికి ఆసుల జత 6 నుంచి 3 కాంబోలకు, ఆసు-రాజు 16 నుంచి 12కు పడిపోతాయి.

రేంజ్ వెడల్పు ఎంత తేడా తెస్తుందో తొమ్మిదుల జత మీద చూద్దాం. ఎదుటివాడు బిగుతుగా ఆడేవాడు, పదుల జత నుంచి పైన, ఆసు-రాజు మాత్రమే తోస్తాడనుకోండి. పెద్ద జతలు 30 కాంబోలు, వాటి మీద మీ గెలుపు సుమారు 19 శాతం. ఆసు-రాజు 16 కాంబోలు, వాటి మీద సుమారు 55. కాంబోల బరువుతో సగటు తీస్తే 31 శాతం. 42 ధరకు ఇది తేలిగ్గా పడేయాల్సిన హ్యాండ్.

ఇప్పుడు అదే ఆటగాడు అన్ని జతలూ, ఆసు-జాకీ నుంచి పైనున్న ఆసులూ, రాజు-రాణీ తోస్తాడనుకోండి. మీకంటే చిన్న జతలు 42 కాంబోలు వచ్చి చేరాయి, వాటి మీద మీరు 81 శాతం గెలుస్తారు. ఆసులు 48, రాజు-రాణి 16. రెంటి మీదా 55 చుట్టూ. పెద్ద జతలు అవే 30. మొత్తం సగటు 55 శాతానికి ఎగబాకుతుంది. చేతిలో ముక్కలు మారలేదు, ధర మారలేదు, జవాబు తిరగబడింది. గమనించండి, ఈ రెండో రేంజ్ కూడా మొత్తం హ్యాండ్లలో పదో వంతు కంటే కాస్త ఎక్కువే, అంతకు మించి కాదు.

రేంజ్ కట్టేటప్పుడు చూడాల్సినవి: ఎదుటివాడి వెనక ఇంకా ఎంతమంది మాట్లాడాలి, స్టాక్ ఎన్ని బిగ్ బ్లైండ్లు, ముందు ఎవరైనా రెయిజ్ చేశారా (పందెం పెంచారా), ఈ గంటలో వాడు ఎన్నిసార్లు తోశాడు, తిప్పి చూపిన ముక్కలేమిటి. ఎనిమిది మంది వెనకుండగా 12 బిగ్ బ్లైండ్లు తోయడం వేరు, స్మాల్ బ్లైండ్ నుంచి ఒక్కరి మీదకి అవే 12 తోయడం వేరు. మొదటి దాని మీద ఆసు-ఎనిమిది వట్టి ఉచ్చు: ఎదురయ్యేవి ఎక్కువగా పెద్ద ఆసులు, పెద్ద జతలే. ఏ రెండు ముక్కలైనా తోసే స్మాల్ బ్లైండ్ మీద అదే హ్యాండ్ 60 శాతం చుట్టూ గెలుస్తుంది.

ముఖాముఖి అంకెలు కొన్ని నోటికి రావాలి:

- పెద్ద జతకు చిన్న జత మీద: 81–82
- జతకు రెండు పెద్ద ముక్కల మీద: 53–57
- జతకు ఒక పెద్ద, ఒక చిన్న ముక్క మీద: 70 చుట్టూ
- ఆసు-రాజుకు ఆసు-రాణి మీద: 70–74
- రెండు పెద్ద ముక్కలకు రెండు చిన్న ముక్కల మీద: 60–65

రేంజ్ గురించి నమ్మకం లేనప్పుడు ఒక్క అంచనాకు అతుక్కోవద్దు. బిగుతుగా ఒకటి, వదులుగా ఒకటి, రెండు రేంజ్‌లు కట్టి రెంటి మీదా గెలుపు శాతం చూడండి. రెండూ ధర దాటితే కాల్. రెండూ దాటకపోతే పడేయండి. రెండూ చెరోవైపు ఉన్నప్పుడే ఆ ఆటగాడి తీరు గురించి ఆలోచించడానికి సమయం వెచ్చించాలి. చాలామంది అంచున లేని హ్యాండ్ల మీద అర నిమిషం తగలేస్తారు.

ఎంత స్టాక్‌తో ఏ హ్యాండ్ తోయాలో, దేనితో కాల్ చేయాలో చెప్పే నాష్ పట్టికల గురించి ఒక హెచ్చరిక. అవి ఇద్దరూ గణితం ప్రకారం ఆడతారన్న లెక్కతో తయారవుతాయి. ఎదుటివాడు పట్టిక చెప్పినంత వెడల్పుగా తోయకపోతే, పట్టిక చెప్పినంత వెడల్పుగా కాల్ చేసే మీకే నష్టం. జాగ్రత్తపరుడి మీద పట్టిక కంటే బిగుతుగా కాల్ చేయండి.

చిప్స్ వేరు, డబ్బు వేరు

క్యాష్ గేమ్‌లో లెక్క ఇక్కడితో అయిపోతుంది. టోర్నమెంట్‌లో ఇక్కడే అసలు మొదలవుతుంది. చిప్స్ రెట్టింపైతే మీ వాటా విలువ రెట్టింపు కాదు. చిప్స్ సున్నా అయితే మాత్రం విలువ పూర్తిగా సున్నా. ఈ తేడాను కొలిచే పద్ధతి ఇండిపెండెంట్ చిప్ మోడల్, వాడుకలో ఐసీఎం. దీని మూలసూత్రం డేవిడ్ హార్విల్ 1973లో గుర్రప్పందేల కోసం రాసిన లెక్కలో ఉంది. పోకర్‌లోకి దాన్ని తెచ్చిన పేరు మేసన్ మాల్ముత్‌ది. మొదటి స్థానం వచ్చే అవకాశం మీ చిప్స్ వాటా ఎంతో అంత. రెండో స్థానానికి, మొదట వచ్చినవారిని తీసేసి మిగిలినవారిలో మీ వాటా. అలా కిందికి.

నలుగురు మిగిలారు, ముగ్గురికే బహుమతి: 50, 30, 20. అందరి దగ్గరా 5,000 చిప్స్, బ్లైండ్స్ 250/500, యాంటీ లేదు. మిగతా ఇద్దరూ పడేశారు, స్మాల్ బ్లైండ్ తోశాడు, మీరు బిగ్ బ్లైండ్. 4,500 వేస్తే పాట్ 10,000. చిప్స్ ధర 45 శాతం.

ఇప్పుడు డబ్బు లెక్క. గెలిస్తే మీకు 10,000, ఇద్దరి దగ్గర చెరో 5,000. మొదటి స్థానం అవకాశం సగం, రెండోది మూడో వంతు, మూడోది ఆరో వంతు. 25 + 10 + 3.3 = 38.3. పడేస్తే మీ దగ్గర మిగిలే 4,500 విలువ ఇదే పద్ధతిలో 23.3. కాల్ చేసి ఓడితే సున్నా. కాబట్టి గెలవాల్సిన శాతం 23.3ను 38.3తో భాగించగా వచ్చేది: 61.

45 కాస్తా 61 అయింది. స్మాల్ బ్లైండ్ కళ్ళు మూసుకుని ఏ రెండు ముక్కలైనా తోస్తున్నాడనే అనుకుందాం. చిప్స్ లెక్కలో రెండుల జత కూడా కాల్ చేయదగ్గదే, ఎందుకంటే ఏ రెండు ముక్కల మీదైనా అది 50.3 శాతం గెలుస్తుంది. డబ్బు లెక్కలో 60.3 గెలిచే ఐదుల జత వెంట్రుకవాసిలో తప్పిపోతుంది, 63.3 గెలిచే ఆరుల జత దగ్గర కాల్ మొదలవుతుంది. వాడు నిజంగా కొంత ఎంచి తోస్తుంటే అది కూడా సరిపోదు.

స్టాక్‌లు అసమానంగా ఉంటే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అదీ అందరి మీదా సమానంగా కాదు. అవే బహుమతులు, నలుగురి స్టాక్‌లు 9,000, 6,000, 4,000, 1,000. బ్లైండ్స్ పక్కన పెట్టి చూద్దాం. 9,000 ఉన్నవాడు తోస్తే 6,000తో కాల్ చేయడానికి ఎంత కావాలి? పడేస్తే 6,000 విలువ 30.8, గెలిచి 12,000 అయితే 40.6, ఓడితే సున్నా. అవసరం 76 శాతం. ఏ రెండు ముక్కల మీదైనా 75 గెలిచే పదుల జత కూడా ఇక్కడ చాలదు, 77.5 గెలిచే జాకీల జత కావాలి. బ్లైండ్స్ కలిపితే అవసరం కొంత తగ్గుతుంది గానీ బొమ్మ మారదు.

దాన్నే తిప్పి చూడండి. 6,000 ఉన్నవాడు తోశాడు, 9,000 ఉన్నవాడు కాల్ చేయాలి. ఓడినా 3,000 మిగులుతుంది, దాని విలువ 23.4. పడేస్తే 36.1, గెలిస్తే 44.8. అవసరం 59 శాతమే. 1,000 చిప్స్‌తో ఒకడు రాలిపోవడానికి సిద్ధంగా ఉండగా రెండో పెద్ద స్టాక్ మొదటి పెద్ద స్టాక్‌తో తలపడటం టోర్నమెంట్‌లో చేయగలిగిన అత్యంత ఖరీదైన పనుల్లో ఒకటి. చిన్న స్టాక్ మాత్రం దాదాపు చిప్స్ ధరకే దగ్గరగా ఆడవచ్చు, దానికి కాపాడుకోవడానికి పెద్దగా లేదు.

టేబుల్ దగ్గర ఈ లెక్క పూర్తిగా వేయలేరు. ఒక మోటు కొలత పెట్టుకోవచ్చు. ఆరంభ దశలో చిప్స్ ధరకు ఒకటి రెండు పాయింట్లు కలపండి. బహుమతుల గీత దగ్గరపడ్డాక సగటు స్టాక్‌తో 5 నుంచి 10. మిమ్మల్ని కవర్ చేసే (మీకంటే పెద్ద) స్టాక్ ఎదురుగా ఉండి, మీకంటే చిన్న స్టాక్‌లు ఇంకా బతికి ఉంటే 15, ఆ పైన. గీత దాటగానే ఒత్తిడి తగ్గుతుంది, ఫైనల్ టేబుల్ దగ్గర మళ్ళీ ఎక్కుతుంది. విజేతకే అంతా ఇచ్చే టోర్నమెంట్‌లోనూ, ఇద్దరే మిగిలినప్పుడూ ఏమీ కలపనక్కర్లేదు.

ఐసీఎంకు కనబడనివి కూడా ఉన్నాయి. తర్వాతి చేతిలో ఎవరు బ్లైండ్ కట్టాలో, ఎవరు ఎంత బాగా ఆడతారో దానికి తెలియదు.

బౌంటీ, శాటిలైట్

ఈ రెండు రకాల టోర్నమెంట్‌లలో అంకెలు చెరో దిక్కుకు లాగుతాయి. ప్రోగ్రెసివ్ బౌంటీలో ఎంట్రీ ఫీజులో సగం బౌంటీకి (ఆటగాణ్ణి పడగొట్టినందుకు ఇచ్చే బహుమతికి) పోయి, ఆటగాణ్ణి పడగొడితే అందులో సగం చేతికి, సగం మీ తల మీదికి వస్తుందనుకోండి. ఎంట్రీ 100 అయితే 50 బహుమతులకు, 50 బౌంటీకి. ఆరంభ స్టాక్ 10,000 విలువ 50. చేతికొచ్చే బౌంటీ 25, అంటే 5,000 చిప్స్‌తో సమానం. మన మొదటి ఉదాహరణలో పాట్‌కు ఆ 5,000 కలిపితే 9,000ని 26,500తో భాగించాలి: 42 కాదు, 34 చాలు. ఎదుటివాడిని పూర్తిగా కవర్ చేస్తేనే ఈ లెక్క వర్తిస్తుంది. వాడి దగ్గర మీకంటే ఒక్క చిప్ ఎక్కువున్నా గెలిచిన మీకు బౌంటీ రాదు.

శాటిలైట్‌లో (పెద్ద టోర్నమెంట్‌కు సీటే బహుమతిగా ఇచ్చే ఆటలో) సీట్లన్నీ ఒకే విలువవి. పది సీట్లకు పదకొండు మంది మిగిలి, మీ స్టాక్ ఎలాగూ సీటు తెచ్చేదైతే, మీకంటే పెద్ద స్టాక్ తోసినప్పుడు ఆసుల జతను పడేయడమే సరైన ఆట.

వెనక ఇంకెవరు ఉన్నారు

బిగ్ బ్లైండ్‌లో కాకుండా మధ్యలో ఉంటే మీ వెనక మాట్లాడాల్సినవాళ్లకు గట్టి హ్యాండ్ పడి ఉండవచ్చు. ముగ్గురు మిగిలి, ఒక్కొక్కరికీ గట్టి హ్యాండ్ పడే అవకాశం 8 శాతం అనుకుంటే కనీసం ఒకరికి పడే అవకాశం 22 శాతం. కాబట్టి అంచున ఉన్న హ్యాండ్లు ఇక్కడ పడేయాలి. ఆడదగ్గ హ్యాండ్ ఉండి, మీ స్టాక్ తోసినవాడి కంటే పెద్దదైతే ఊరికే కాల్ చేయడం కంటే మీరూ ఆల్-ఇన్ అనడం తరచుగా మేలు. వెనకవాళ్లు తక్కువ ధరకు చొరబడలేరు.

పడేస్తే ఏం మిగులుతుంది

"ఇంతకంటే మంచి అవకాశం వస్తుంది" అన్న మాటను అతిగా వాడతారని మా గట్టి అభిప్రాయం. తొమ్మిది మంది టేబుల్‌లో ఒక చుట్టు తిరిగేసరికి బ్లైండ్స్, యాంటీ కలిపి 2.5 బిగ్ బ్లైండ్లు పోతాయి. 40 బిగ్ బ్లైండ్లు ఉన్నవారికి అది లెక్కలోకి రాదు, 2 పాయింట్ల లాభాన్ని వదులుకుని ఓపిక పట్టవచ్చు. 8 ఉన్నవారికి అది దాదాపు మూడో వంతు స్టాక్. అక్కడ లాభమున్న కాల్‌ను వదిలేస్తే, వచ్చే మంచి హ్యాండ్‌కు మీ ఆల్-ఇన్‌ను ఎవరూ లెక్కచేయరు.

ఫ్లాప్ తర్వాత ఆల్-ఇన్

డ్రా మీద (ఇంకో ముక్క పడితే పూర్తయ్యే హ్యాండ్‌తో) ఉంటే అవుట్స్ (మిమ్మల్ని గెలిపించే ముక్కలు) లెక్కపెట్టండి. ఫ్లాప్ మీద ఆల్-ఇన్ కాల్ చేస్తే రెండు ముక్కలూ చూస్తారు కాబట్టి అవుట్స్‌ను 4తో గుణించవచ్చు. టర్న్ (నాలుగో ఉమ్మడి ముక్క) మీద అయితే 2తో. ఫ్లష్ డ్రాకు (ఒకే గుర్తువి నాలుగు ఉండి ఐదోది రావాలి) 9 అవుట్స్: ఫ్లాప్ మీద 35 శాతం, టర్న్ మీద 19.6. రెండు కొనలా తెరుచుకున్న స్ట్రెయిట్ డ్రాకు (వరుసగా నాలుగు ఉండి ఏదో ఒక కొనన ఐదోది రావాలి) 8: 31.5, 17.4. అవుట్స్ ఎక్కువైతే 4 గుణకారం ఎక్కువ చూపిస్తుంది. 15 అవుట్స్‌కు 60 అని వస్తుంది, నిజానికి 54.

పాట్ 8,000, ఎదుటివాడు ఫ్లాప్ మీద 6,000 తోశాడు. ధర 30 శాతం. ఒంటి జత మీద ఫ్లష్ డ్రాతో చిప్స్ లెక్కలో కాల్. కానీ ఎదుట సెట్ (ఒకే విలువ ముక్కలు మూడు) ఉంటే అదే డ్రా 25 చుట్టూకు పడిపోతుంది, ఎందుకంటే బోర్డు జతపడితే మీ ఫ్లష్ వచ్చినా ఓడిపోతారు. బోర్డు ఇప్పటికే జతపడి ఉంటే అవుట్స్‌లో కొన్ని చచ్చినవే అనుకోండి. బబుల్ మీద (బహుమతుల గీతకు కాస్త ముందు) అయితే ఆ 30 ధరకు పైన చెప్పిన అదనం కలపాలి, అప్పుడు 35 చాలదు.

టేబుల్ దగ్గర ఆ అర నిమిషం

ముందు డీలర్‌ను ఆల్-ఇన్ మొత్తం లెక్కించమని అడగండి. టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నియమాల్లో ఆల్-ఇన్ ఎదురైనప్పుడు కచ్చితమైన లెక్క అడిగే హక్కు ఉంది. అదే నియమాల ప్రకారం కాల్ అన్నాక మొత్తం తప్పుగా విన్నానంటే సాధారణంగా కుదరదు. అసలు మొత్తం కట్టాల్సిందే, కాబట్టి పెద్ద విలువ చిప్స్ వెనక దాగి ఉన్నాయేమో కళ్ళతో చూసుకోండి. ఎవరైనా క్లాక్ పిలిస్తే (మీకు గడువు పెట్టమని అడిగితే) 25 సెకన్లు, తర్వాత 5 సెకన్ల కౌంట్‌డౌన్ ఉంటాయి. డీలర్ లెక్కిస్తున్న సమయంలోనే ధర కట్టి, ఐసీఎం అదనం కలిపి ఒక అంకె స్థిరం చేసుకోవాలి. ఆ తర్వాతే రెండు రేంజ్‌ల మీద మీ హ్యాండ్‌ను ఆనించి చూడాలి. అంకె ముందు స్థిరపడకపోతే చేతిలో ఉన్న ముక్కల మీది ఇష్టం దాన్ని కిందికి లాగుతుంది.

ఆట ముగిశాక

ప్రతి పెద్ద కాల్‌కూ, పడేసిన ప్రతి అంచు హ్యాండ్‌కూ నాలుగు విషయాలు రాసి పెట్టుకోండి: బ్లైండ్స్, అందరి స్టాక్‌లు, మీరు అప్పుడు కట్టిన ధర, అప్పుడు ఊహించిన రేంజ్. గెలిచారా ఓడారా అన్నది రాయనక్కర్లేదు. తర్వాత ఈక్విల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో రేంజ్ మీద గెలుపు శాతం, ఐసీఎమైజర్ లేదా హోల్డెమ్‌రిసోర్సెస్ కాలిక్యులేటర్‌లో డబ్బు లెక్క చూడండి. ఆన్‌లైన్‌లో చేయి నడుస్తుండగా వీటిని తెరవడం చాలా సైట్ల నియమాలకు విరుద్ధం, ఖాతా మూతపడవచ్చు. తేడా ఎక్కడ వచ్చిందో విడిగా గుర్తించండి: ధర తప్పిందా, రేంజ్ తప్పిందా, అదనం తప్పిందా. ధర తప్పితే ఒక వారం సాధనతో సరిపోతుంది. రేంజ్ తప్పుతుంటే, ఒకే హ్యాండ్‌ను 5, 10, 20, 40 శాతం రేంజ్‌ల మీద వరుసగా నడిపించి ఆ నాలుగు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. పదుల జత, ఆసు-పది, రాజు-రాణి, నాలుగుల జత, ఈ నాలుగింటితో మొదలుపెట్టండి. మిగతా హ్యాండ్లను వీటి మధ్య అంచనా వేసుకోవచ్చు.